చలికి కోడి ముడుచుకుంటే మొదట ఏం చేయాలి?

శంషాబాద్ నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో విమానం సౌండ్ వస్తే కాస్త అడ్జస్ట్ అవ్వండి, మాకిది రోజూ ఉండేదే.

ఈరోజు ఎపిసోడ్ ఇంటి వెనక నాలుగైదు నాటుకోళ్లు పెంచుకునేవాళ్ల కోసం. డిసెంబర్, జనవరిలో మన ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల, అంతా బయలు కదా, తెల్లారుజామున 10 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ఒక పెట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలన నిలబడుతుంది. ఇంట్లో వెంటనే ఒక మాట వస్తుంది: "చచ్చేలోపు కోసేద్దాం". ఆగండి.

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకల మధ్య పట్టి ఉంచిన గాలే దాని దుప్పటి. ఒళ్లు పొడిగా ఉంటే ఈ చలి దానికి లెక్క కాదు. ఎండొచ్చాక కూడా ముడుచుకునే ఉందంటే లోపల జబ్బుందని అర్థం.

మొదట దాన్ని వేరు చేయండి. అట్టపెట్టెలో ఊకో గోనెసంచో పరిచి, ఒక పక్క 60 వాట్ల పాత రకం బల్బు పెట్టండి, అట్టకు తగలకుండా. ఎల్‌ఈడీ పెడితే వెలుతురే వస్తుంది, వేడి రాదు. వేడెక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీ ఉండాలి. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, ఆ పొగ కోడికే కాదు, మీకూ ప్రమాదం.

ఒళ్లు వెచ్చబడ్డాకే నీళ్లు. ఓఆర్ఎస్ పలచగా కలిపి, ముక్కు కొసను నీళ్లలో తగిలించండి, అదే తాగుతుంది. నోరు తెరిచి పోయకండి. గాలిగొట్టం నాలుక వెనకే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండి తర్వాత, మెత్తగా ఉడికించిన నూకలు చాలు.

ఇక రెట్ట చూడండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు లాగ్ చూడకుండా ఏదీ ముట్టుకునేవాణ్ణి కాదు, ఇక్కడ రెట్టే మన లాగ్! ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా పడుతూ, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, మెడ తిరిగిపోతుంటే కొక్కెర తెగులు అనుమానించాలి. రాణిఖేత్ అనేది దీన్నే. అది వైరస్. మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ దాన్ని చంపదు. అలాంటి కోడిని కోసి ఈకలు, పేగులు పెంటమీద పడేస్తే వీధిలో మిగతా కోళ్లకూ అంటుకుంటుంది. ఒకేసారి నాలుగైదు చచ్చిపోతే వట్టి చేతులతో ముట్టుకోకండి, పశువైద్యశాలకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుందిగా. పశువుల అంబులెన్స్ నంబర్ 1962.

ఇంకోటి. చలి అని గూడు చుట్టూ టార్పాలిన్ బిగించేస్తారు. పొద్దున తెరిస్తే కళ్లు మండే ఘాటు. అది రెట్టలోంచి వచ్చే అమ్మోనియా. దాంతో కోళ్ల ఊపిరితిత్తులు పాడై జబ్బు తేలిగ్గా పట్టుకుంటుంది. గాలి కొట్టే వైపు కప్పి, పైన జానెడు వదిలేయండి.

కొక్కెరకు మందు లేదు, టీకా ఉంది. పిల్లకు మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబీ ఇంజెక్షన్. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించాలి. సీసా ఒకసారి కలిపితే కొద్ది గంటల్లోనే వాడేయాలి, అందులో చాలా కోళ్లకు సరిపడా ఉంటుంది. మీ నాలుగు కోళ్ల కోసం సీసా తెరవడం వేస్టు. అందుకే వీధిలో ఎవరి దగ్గర ఎన్నున్నాయో ముందే లెక్క రాసుకోండి. తెల్లారి గంపలు ఎత్తకముందే అందరూ ఒకచోటికి తెస్తే పట్టుకోవడానికి పరుగులు పెట్టక్కర్లేదు.