ఆరేళ్ల పాత వార్త, నిమిషాల్లో కూలిన షేరు

మీ దగ్గర ఒక కంపెనీ షేర్లున్నాయి. ఫోన్‌లో హెడ్‌లైన్ వచ్చింది, ఆ కంపెనీ దివాలా అని. ఏం చేస్తారు? నిజం చెప్పండి, ముందు సెల్ బటనే కదా నొక్కేది!

2008 సెప్టెంబర్ 8, సోమవారం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ షేర్‌హోల్డర్లు అదే చేశారు. 12 డాలర్ల పైన ఉన్న షేరు నిమిషాల్లో 3 డాలర్లకి వచ్చేసింది. నాస్‌డాక్ ట్రేడింగ్ ఆపేయాల్సి వచ్చింది.

వార్త అబద్ధమా అంటే, కాదు. యునైటెడ్ దివాలా పిటిషన్ వేసిన మాట నిజమే. కాకపోతే 2002 డిసెంబర్‌లో! 2006లోనే అందులోంచి బయటపడింది కూడా. అప్పటి షికాగో ట్రిబ్యూన్ కథనం, అదే గ్రూపుకి చెందిన ఫ్లోరిడా పేపర్ సన్-సెంటినెల్ వెబ్‌సైట్‌లో ఎక్కువమంది చదివిన వార్తల లిస్టులోకి ఎక్కింది. శనివారం అర్ధరాత్రి దాటాక చదివేవాళ్లే తక్కువ. ఆ టైమ్‌లో ఒక్క క్లిక్ చాలిందట.

ఇక్కడ నాలోని ఇంజినీర్‌కి ఒళ్లు మండుతుంది. కథనం మీద అసలు తేదీ లేదు. పేజీ పైన మాత్రం ఆ రోజు తేదీ ఉంది. గూగుల్ క్రాలర్ దాన్నే పట్టుకుని తాజా వార్త అనుకుంది. సోమవారం ఒక రీసెర్చ్ సంస్థ దాన్ని బ్లూమ్‌బర్గ్ టెర్మినల్స్‌లోకి పంపింది. ఇక ఆగుతుందా? తర్వాత గూగుల్, ట్రిబ్యూన్ తప్పు మీదంటే మీదని వాదించుకున్నాయి. తేదీ అనే ఒక్క ఫీల్డ్ ఖాళీగా ఉన్నందుకు ఇంత గోల.

కంపెనీ ఖండించింది. షేరు తేరుకుని అదే రోజు 10.92 దగ్గర ముగిసింది. పట్టుకుని కూర్చున్నవాళ్లకి నష్టం 11 శాతం. 3 డాలర్లకి అమ్మేసినవాళ్ల సంగతి? ఆ ట్రేడ్లు రద్దు చేయబోమని నాస్‌డాక్ చెప్పేసింది. 1,000 షేర్లున్నవాడు 12,000 డాలర్ల సరుకుని 3,000కి ఇచ్చేసినట్టు. స్టాప్ లాస్ పెట్టుకుంటే సేఫ్ అనుకోకండి. ఇలా జారిపోతున్నప్పుడు ట్రిగ్గర్ అయితే అది మార్కెట్ ఆర్డర్ అయిపోతుంది, ఎంతకి దొరికితే అంతకి అమ్మేస్తుంది.

మరి మన దగ్గర? సెబీ ఒక రూల్ తెచ్చింది. పేపర్లు, న్యూస్ ఛానళ్ల లాంటి మెయిన్‌స్ట్రీమ్ మీడియాలో వచ్చిన పుకారు వల్ల షేరు ధర గట్టిగా కదిలితే, 24 గంటల్లోగా కంపెనీ అవుననో కాదనో ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి. టాప్ 100 లిస్టెడ్ కంపెనీలకి 2024 జూన్ 1 నుంచి, టాప్ 250కి డిసెంబర్ 1 నుంచి వర్తిస్తోంది. మీ దగ్గరున్నది చిన్న కంపెనీ షేరైతే ఈ గడువు లేదు. టెలిగ్రామ్ గ్రూపులో ఎవడో పెట్టిన స్క్రీన్‌షాట్ ఈ మీడియా లెక్కలోకే రాదు.

అందుకే నేను ముందు తేదీ చూస్తా. తర్వాత ఎన్‌ఎస్‌ఈ లేదా బీఎస్‌ఈ సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ తెరుస్తా. ఏమీ లేకపోతే కంప్లయన్స్ ఆఫీసర్‌కి మెయిల్. ఆ ఐడీ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, మీరు 10 షేర్లున్నా రాయొచ్చు. వార్త లింకు, తేదీ పెట్టి, ఇది నిజమా అని సూటిగా అడగండి.

స్టాప్ లాస్‌కి లిమిట్ ధర ఎలా పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తా.