ఆరుబయటి చదువులు – మన మనుమలు, మనుమరాండ్రు

(సిద్దిపేటలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఎందుకు కూడుతున్నామో మీకు తెలియనిది కాదు. 1982లో ఆ తేదీన సుప్రీంకోర్టు నకారా గారి కేసులో పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చి చెప్పింది. కరువు భత్యం సంగతి, మెడికల్ బిల్లుల సంగతి కార్యదర్శి గారు విపులంగా చెప్పారు కనుక నేను మళ్ళీ ఎత్తుకోను. పిల్లల చదువుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. ఇంజనీరింగు గురించి చెప్పేందుకు గల్లీకి ఒక్కరున్నారు. కాబట్టి నేను పర్యావరణం, సామాజిక న్యాయం, ఆరుబయట తిరిగి నేర్చుకునే విద్య – వీటికి సంబంధించిన డిగ్రీ చదువుల గురించి ప్రస్తావిస్తాను.

నాకు ఈ ధ్యాస ఊరికే పుట్టలేదు. మా మనుమరాలు ఇంటర్మీడియట్ బై.పి.సి. రెండో సంవత్సరం చదువుతున్నది. డాక్టరు సీటు రాకపోతే ఫారెస్ట్రీ చదువుతానంటుంది. "ఆ చదువుకు నౌకరీ ఎక్కడిది?" అని మా అబ్బాయి. "ఆడపిల్లను అడవికి పంపుతామా?" అని మా ఇంటావిడ. పంచాయితీ ఇంకా తెగలేదు. తెగేలోపు విషయం తెలుసుకుందామని నేను కాగితాలు ముందర వేసుకుని కూర్చున్నాను. కాగితాలు చూడటం తప్ప నాకు వచ్చిన విద్య మరొకటి లేదు గదా!

చూడగా తెలిసిందేమిటంటే, ఈ చదువులు మనకు దూరమేమీ కావు. సిద్దిపేటలో జూబ్లీ బస్టాండు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ప్రజ్ఞాపూర్, గౌరారం దాటినాక ములుగు వస్తుంది. వరంగల్ అవతల ఉన్న ములుగు కాదు, మన జిల్లా ములుగే. అక్కడ ఫారెస్ట్ కాలేజీ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. తమిళనాడులో మెట్టుపాళయం ఫారెస్ట్ కాలేజీని నమూనాగా తీసుకుని 2016లో మొదట హైదరాబాదు దూలపల్లిలో ప్రారంభించారు. ములుగులో కట్టిన సొంత ప్రాంగణానికి 2019 డిసెంబరు 11న ప్రారంభోత్సవం జరిగింది. నాలుగు సంవత్సరాల బి.ఎస్‌సి. ఆనర్స్ ఫారెస్ట్రీ కోర్సు. ఇంటర్‌లో బై.పి.సి. చదివి, మనం ఎంసెట్ అని పిలుచుకునే, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి సీటు ఇస్తారు. నర్సరీలు, నేలలు, అడవి జంతువులు, కలప, అడవి మీద బతికే జనం – అన్నీ పాఠ్యాంశాలే.

నౌకరీ సంగతి అడిగిన మా అబ్బాయికి నేను చెప్పిన జవాబు ఇది. రాష్ట్రంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు, అసిస్టెంట్ కన్జర్వేటరు ఉద్యోగాల నోటిఫికేషన్లు పడినప్పుడు ఈ డిగ్రీ నేరుగా పనికి వస్తుంది. కేంద్రంలో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు ఫారెస్ట్రీ డిగ్రీ అర్హతే. ఆ సర్వీసుకు రాత పరీక్ష, ఇంటర్వ్యూతో పాటు నడక పరీక్ష కూడా ఉంటుంది. నాలుగు గంటల్లో మగవారు 25 కిలోమీటర్లు, ఆడవారు 14 కిలోమీటర్లు నడవాలి. ట్యూషన్ బస్సు ఎక్కి దిగడం తప్ప మరో నడక ఎరుగని పిల్లలకు ఇది కొంచెం కష్టమే. మా మనుమరాలు మాత్రం ఉదయం నాతోపాటు కోమటిచెరువు కట్ట మీద నడకకు రావడం మొదలుపెట్టింది. నన్ను వెనకేసి పోతున్నది కూడా.

ఆ ములుగులోనే కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. బి.ఎస్‌సి. ఆనర్స్ హార్టికల్చర్ చదివేవారు నాలుగో సంవత్సరంలో పల్లెకు వెళ్లి రైతుల దగ్గర పని నేర్చుకోవాలి. దీనికీ బై.పి.సి. ర్యాంకే ఆధారం. పల్లె బడుల్లో చదివి, ఇంటికి కొంత భూమి ఉన్న పిల్లలకు రైతు కోటా వర్తిస్తుంది. ఏ సంవత్సరం నిబంధనలు ఆ సంవత్సరానివే కనుక నోటిఫికేషన్ చదివి, పాసుబుక్కు, స్టడీ సర్టిఫికెట్లు ముందే దగ్గర పెట్టుకోవాలి. కౌన్సెలింగు రోజున తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగితే కాదు. ఇంకొక్క ముచ్చట. వ్యవసాయం, ఉద్యానం పేరు చెప్పి సీట్లు అమ్మే ప్రైవేటు వారు చాలామంది ఉన్నారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉందా లేదా చూడకుండా మన గ్రాట్యుటీ డబ్బు తీసుకెళ్లి వారి చేతుల్లో పోయవద్దు.

ములుగు దాటి ఇంకాస్త పోతే శామీర్‌పేట. అక్కడ 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా క్లాట్ అనే జాతీయ పరీక్ష రాసి అయిదేళ్ల బి.ఏ. ఎల్‌ఎల్‌.బి. చదువుకోవచ్చు. ఫీజు ఎక్కువే, దాచి చెప్పను. పర్యావరణం గురించి చెబుతూ లా కాలేజీ ఎందుకు తెచ్చానని మీరు అడగవచ్చు. దీనికి మాత్రం కొంచెం సమయం తీసుకుంటాను. అధ్యక్షుల వారు గంట కొట్టవద్దని మనవి.

నా సర్వీసులో భూసేకరణ ఫైళ్లు చాలా చూశాను. 1894 నాటి పాత చట్టం. నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్, అయిదు-ఏ కింద అభ్యంతరాలు, ఆరో సెక్షన్ డిక్లరేషన్, పదకొండు కింద అవార్డు. పహాణీలో పేరు ఉన్నవారికి నోటీసు పోయేది. పేరు లేనివారికి? ఆ పొలంలో నాట్లు వేసిన కూలి మనిషి, ఆ ఊరి మీద బతికిన కుమ్మరి, చాకలి, ఆ చెలకల్లో గొర్లు మేపిన గొల్ల – వీళ్లెవరూ ఫైలులో కనిపించేవారు కాదు. వారి కోసం చట్టం ఒక కాలమ్ పెట్టలేదు, గుమాస్తా నింపలేదు.

ఆ చట్టం పోయి 2014 జనవరి 1 నుండి 2013 భూసేకరణ చట్టం అమలుకు వచ్చింది. భూమి లేకపోయినా, అంతకు ముందు మూడేళ్లు ఆ ఊరి భూమి మీద ఆధారపడి బతికిన కూలీ, చేతిపనివాడి కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే అని ఈ చట్టం చెప్పింది. భూమి తీసుకోకముందే సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలనీ, ఆ నివేదికను స్థానిక భాషలో గ్రామ పంచాయతీలో ఉంచాలనీ, దాన్ని పరిశీలించే సంఘంలో ప్రభుత్వేతరులైన ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు ఉండాలనీ అన్నది.

తర్వాత ఏం జరిగిందో మన కళ్ల ముందరిదే. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారం, ఎర్రవల్లి ఊళ్లు పోయినవి. వేములఘాట్‌లో వందల రోజులు రిలే దీక్షలు సాగినవి. అసలు ఈ చట్టం దారిలో కాకుండా భూములు నేరుగా కొనడానికి 2015లో తెచ్చిన 123 నంబరు జీవోను, కూలీల సంగతి ప్రస్తావనకు వచ్చిన కేసులో హైకోర్టు 2016 ఆగస్టు 3న కొట్టివేసింది. ఆ మరుసటి ఏడాది రాష్ట్ర సవరణ చట్టం వచ్చి, కొన్ని రకాల పనులకు ప్రభావ అధ్యయనం నుండి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. 50 టి.ఎం.సి.ల రిజర్వాయరును 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. నీళ్లు అవసరమే. బోర్లు ఎండి అప్పుల పాలైన జిల్లా మనది, నీళ్లు వద్దని నేను అనలేను. అయితే ఊరు విడిచిన ఆ కుటుంబాల లెక్క ఎవరు రాశారు, ఎవరు రాయాలి అన్నదే నా ప్రశ్న. చెరువు తెలియనివాడు, చెలక అంటే ఏమిటో తెలియనివాడు రాస్తే ఆ లెక్క ఎట్లా ఉంటుంది? మన ఇంటి పిల్లలు అడవి సంగతి, నేల సంగతి, చట్టం సంగతి చదివితే ఆ కాలమ్ నింపే చెయ్యి మనదవుతుంది. మా అబ్బాయికి నచ్చినా నచ్చకపోయినా ఇది నా అభిప్రాయం.

చట్టం చదివితే ఏమవుతుందనే వారికి సమత కేసు చూడమని చెబుతాను. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు అట్లా లీజులు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక ఆరుబయటి విద్య. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల్లో కొండలెక్కడం, నదిలో పడవ నడపడం, అడవిలో గుడారం వేసుకుని ఉండటం నేర్పి, వాటి ద్వారానే ప్రకృతిని చదివించే డిగ్రీలు ఉన్నాయి. మన దగ్గర దీన్ని ఎక్కువగా డిగ్రీతోపాటు నేర్చుకోవాల్సిందే. డార్జిలింగ్‌లో 1954 నుండి, ఉత్తరకాశీలో 1965 నుండి పర్వతారోహణ సంస్థలు నడుస్తున్నాయి. మనకు దగ్గరలో భువనగిరి గుట్ట ఉన్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఈ గుట్ట మీదనే తాడు పట్టడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 సంవత్సరాలు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఆడపిల్లను అడవికి పంపుతామా అన్న మా ఇంటావిడకు ఈ సంగతి చెప్పాను. ఆమె జవాబు ఇవ్వలేదు కానీ, ఆ పిల్ల తల్లి ఎన్ని రోజులు నిద్రపోలేదో అని మాత్రం అన్నది.

పర్వతాల దాకా పోలేని వారికి ఎన్.ఎస్.ఎస్. ఉన్నది. 1969లో మొదలైన పథకం. ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి పల్లెకు తీసుకుపోతారు. డిగ్రీలో అందరికీ ఉండే పర్యావరణం పేపరు సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల వచ్చింది. దాన్ని పిల్లలు గైడు కొని ఒక్క రాత్రిలో ముగిస్తారు కనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

ములుగు కాలేజీ చూడదలచిన వారు ముందుగా అనుమతి అడిగి, పది మంది కలిసి పోవడం మంచిది. సంక్రాంతి తర్వాత ఒక రోజు నేను మా మనుమరాలిని తీసుకుని వెళ్తున్నాను. మా అబ్బాయి కూడా సెలవు పెట్టి వస్తానన్నాడు. బస్సులో చోటుకు కొదవ లేదు. రాదలచిన వారు ఈ సభ అయినాక కోశాధికారి గారి దగ్గర పేరు, పిల్లల గ్రూపు రాయించగలరు. సెలవు.