సంగీత పదాలు - మన ఇంటి మాటలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"శాస్త్రీయ సంగీతం మనబోటి వాళ్లకు అర్థం కాదండీ" అని కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన మిత్రులు చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. ఆ పదాలు మన నోట రోజూ నలిగేవే. ఎవరైనా హద్దు దాటితే "శ్రుతి మించింది" అంటాం. చెప్పిందే చెబితే "మళ్లీ అదే పల్లవి" అంటాం.

శ్రుతి అంటే వినబడేది. పాటకు ఆధారంగా తంబురా పట్టి ఉంచే నాదం. మిల్లు దగ్గర డ్యూటీ చేసినవారికి ఇది తేలిక. లోపల సరుకు ఎక్కువైనా తక్కువైనా మోత మారేది; మీటరు చూడకముందే చెవికి తెలిసేది. సంగీతానికి కావలసిందీ ఆ చెవే.

లయ అంటే నడక ఒక్క తీరుగా సాగడం. తాళం ఆ నడకకు లెక్క. ఆది తాళానికి 8 అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు రెండేసిసార్లు.

పల్లవం అంటే చిగురు. పాట చిగురించే చోటు పల్లవి. దాని వెంట వచ్చేది అనుపల్లవి. చరణం అంటే పాదం. మన భజనల్లో చరణం కాగానే అందరూ పల్లవి అందుకుంటారు కదా, కృతిలోనూ అంతే. ఇక సంగతి అంటే మనకు విషయం. పాటలో మాత్రం, ఒకే పంక్తిని మాట మార్చకుండా, స్వరాల అల్లిక పెంచుతూ మళ్లీ మళ్లీ పాడడం. త్యాగరాజస్వామి (1767-1847) కృతులు వింటే ఇది బాగా తెలుస్తుంది.

ఆయన తమిళనాట తిరువయ్యారులో ఉండి తెలుగులో రచించారు. అమెరికాలోని క్లీవ్‌లాండులో ఆయన ఆరాధనోత్సవాలు 1978లోనే మొదలయ్యాయి. దూరదేశాల్లో సంగీతం నేర్చే మన మనవలకు, మనవరాళ్లకు స్వరం వస్తోంది. మాటకు అర్థం చాలామందికి తెలియడం లేదు. స్వరం తప్పితే గురువుగారు దిద్దుతారు. ఆ తెలుగు మాట ఇంట్లో ఎలా పలుకుతామో చెప్పవలసింది తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలే.

ఈసారి ఫోనులో "ఏం తిన్నావమ్మా?" అని అడిగాక, "ఏ కృతి నేర్చుకున్నావు? పల్లవి చదువు, అర్థం నేను చెబుతాను" అనండి. మనకు పాడడం రాకపోయినా ఫరవాలేదు, మాట మన దగ్గర ఉంది. అది మనతోనే ఆగిపోకూడదని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.