ఈ వారం ఎక్కువ చేశాం కదా అని, వచ్చే వారం తగ్గించొచ్చా?

గాలి సౌండ్ కాస్త వస్తుంది, అడ్జస్ట్ అవ్వండి. ఈరోజు కోటప్పకొండ మెట్ల దారి దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. ఎందుకంటే, ఈ ఎపిసోడ్‌కి ప్రశ్న పంపిన తమ్ముడి టార్గెట్ ఈ మెట్లే.

తమ్ముడిది నరసరావుపేట. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు 26. టెస్టు చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. వాళ్ళ నాన్నగారికి ఇప్పటికే షుగర్ ఉంది. అందుకని భయపడి వారానికి నాలుగు రోజులు అని పెట్టుకున్నాడు. సోమవారం కొండ మెట్లు, మిగతా మూడు రోజులు ఊళ్ళో 45 నిమిషాల నడక. మూడు వారాలు కరెక్ట్‌గా చేశాడు. నాలుగో వారం మంచి ఊపు మీద ఏడు రోజులూ నడిచాడు. తర్వాత ఏమైందో అతని మాటల్లోనే చదువుతా: "అన్నా, మూడు రోజులు ఎగస్ట్రా చేశా కదా, ఈ వారం ఒక్కరోజు చేస్తే లెక్క సరిపోద్ది అనుకున్నా. ఆ ఒక్కరోజు ఆదివారానికి పెట్టుకున్నా. ఆదివారం వాన. ఐదు వారాలైంది, మళ్ళీ షూ వేసుకోలేదు."

ఇందులో ఒక విషయం గమనించండి. ఇతను బద్ధకించిన వారంలో ఆగిపోలేదు. అన్నిటికంటే బాగా చేసిన వారం తర్వాత ఆగిపోయాడు. మనం వీడియోల్లో వెనకబడితే ఎలా అని తెగ మాట్లాడతాం. ముందుకెళ్ళినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

ఇది తమ్ముడి ఒక్కడి సమస్య కాదు. 1997లో కొలిన్ కామరర్, రిచర్డ్ థేలర్, ఇంకో ఇద్దరు కలిసి న్యూయార్క్ ట్యాక్సీ డ్రైవర్ల మీద ఒక పేపర్ రాశారు. బేరాలు బాగా తగిలే రోజున ఎక్కువ గంటలు తిప్పితే ఎక్కువ డబ్బులొస్తాయి కదా. కానీ చాలామంది ఆ రోజునే త్వరగా ఇంటికెళ్ళిపోతున్నారని వాళ్ళు తేల్చారు. ఈరోజుకి ఇంత అనుకున్న అంకె వచ్చేసింది, ఇక చాలు. ఆ పేపర్ మీద తర్వాత ఆర్థికవేత్తలు బాగానే కొట్టుకున్నారు, అందరూ ఒప్పుకోలేదు. కానీ ఆ "చాలు" అనే ఫీలింగ్ మనందరికీ తెలుసు. అంకె చేరగానే మైండ్ బండి స్టాండ్ వేసేస్తుంది.

ఇక్కడ చిన్న తేడా చెప్పాలి. కొన్ని టార్గెట్లు పని లాంటివి. సిలబస్‌లో 20 చాప్టర్లున్నాయి, ఈ వారం మూడు బదులు ఐదు చదివావు, రెండు నిజంగానే తగ్గాయి. హ్యాపీగా వచ్చే వారం ఒకటి చదువు, ఏం కాదు. కొన్ని టార్గెట్లు అలవాటు లాంటివి. వాటికి చివర అనేది లేదు. నడక అయిపోవడం ఉండదు, నిద్ర అయిపోవడం ఉండదు. వీటికి పోయిన వారం బ్యాలెన్స్ వాడుకోవడం కుదరదు.

మన పల్నాడులో మిరప వేసినోళ్ళని అడగండి. రెండు వారాల తడి ఒకేసారి పెట్టేసి పదిహేను రోజులు పొలం వైపు చూడకుండా ఉంటానంటే నవ్వుతారు. నల్లరేగడిలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి మొక్క వాలిపోద్ది. ఎక్కువ పెట్టిన నీళ్ళు దాచుకున్న నీళ్ళు కావు.

ఒంట్లో కూడా దాదాపు అంతే. నడిచినప్పుడు కండరాలు రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ని వాడుకుంటాయి, ఇన్సులిన్ కూడా బాగా పనిచేస్తుంది. ఆ ప్రభావం ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం చెప్పి, దాంతో పాటు ఇంకో ముక్క కూడా పెట్టింది: వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వొద్దు. అందరూ 150 పట్టుకుంటారు, ఈ రెండో ముక్క వదిలేస్తారు. నన్నడిగితే తమ్ముడికి కావాల్సింది ఆ రెండోదే.

వెంటనే కామెంట్ వస్తుంది నాకు తెలుసు: "బ్రో, వీకెండ్‌లో మొత్తం చేసినా గుండెకి మంచిదే అని చదివాం." కరెక్టే. 2023లో బ్రిటన్‌లో దాదాపు 90 వేల మంది డేటాతో ఒక పెద్ద స్టడీ వచ్చింది. వారానికి 150 నిమిషాలో అంతకు మించో చేస్తూ, అందులో సగం, లేదా సగానికి మించి ఒకట్రెండు రోజుల్లోనే చేసినవాళ్ళకి కూడా గుండె జబ్బుల రిస్క్ తగ్గింది. కానీ వాళ్ళు చేసింది ఆ వారం కోటా ఆ వారంలోనే. పోయిన వారం చేశాం కాబట్టి ఈ వారం సెలవు అనడం వేరే సంగతి.

ఇంకో కారణం అలవాటు తయారయ్యే పద్ధతిలోనే ఉంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ టీమ్ 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అప్రయత్నంగా చేసేంత అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. అంచనాల ప్రకారం కొందరికి 18 రోజులు, కొందరికి 254. ఆ స్టడీలో నాకు నచ్చింది ఏందంటే, ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. అలవాటు పుట్టేది మాత్రం ఒకే సందర్భంలో అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల. పొద్దున్నే టీ తాగాం, షూ వేశాం. సోమవారం వచ్చింది, కొండకెళ్ళాం. తమ్ముడు ఏడు రోజులు నడిచి దాచుకుంది కిలోమీటర్లు. పోగొట్టుకుంది సోమవారాన్ని.

మరి ముందుకెళ్ళినప్పుడు ఏం చేయాలి? తమ్ముడూ, నీ టార్గెట్‌కి కింద ఒక గీత ఉంది, నాలుగు. పైన కూడా ఒక గీత పెట్టు, ఐదు. ఐదు అయ్యాక ఎంత ఊపున్నా ఆ వారానికి ఆపు. నవ్వొద్దు, సీరియస్‌గానే చెప్తున్నా. ఏడు రోజులు చేసిన వారం చూడ్డానికి బాగుంటుంది కానీ, మరుసటి వారం నువ్వు సెలవు అడిగేది దాన్ని చూపించే. బుధవారానికే మూడు అయిపోయాయా? మంచిదే, నాలుగోది శనివారానికి ఉంచు. శుక్రవారం కూడా కాళ్ళు లాగుతుంటే ఐదోది వాడుకో.

లెక్క రాసేటప్పుడు ఎగస్ట్రాని వేరే కాలమ్‌లో రాయి. చూసుకుని సంతోషపడు, అంతే. గూగుల్ ఫిట్‌లో హార్ట్ పాయింట్స్ చూడండి, వారానికి 150. ఈ వారం 220 చేసినా కొత్త వారం సున్నా నుంచే మొదలవుద్ది. కోడ్ రాసినోడిగా చెప్తున్నా, 70 పాయింట్లు ముందుకి జరపడం ఒక్క లైన్ పని. ఆ లైన్ లేకపోవడమే మంచిది.

టార్గెట్ పెంచాలని కూడా అనిపిస్తుంది. ఒక మంచి వారం చూసి పెంచొద్దు. వరసగా నాలుగు వారాలు ఐదు తగిలితే అప్పుడు ఆలోచిద్దాం. ఇది నా లెక్క, సైన్స్ కాదు.

ఇక్కడ శివరాత్రికి వచ్చే ప్రభలు చూసే ఉంటారు. ఏ ఊరికా ఊరు కట్టుకుని, కరెంటు దీపాలు పెట్టి కొండ కిందకి తెస్తారు. పోయినేడు మనదే ఎత్తు కాబట్టి ఈ ఏడు కట్టొద్దులే అని ఏ ఊరోళ్ళూ అనగా నేను వినలేదు. పోయినేటి ఎత్తు పోయినేటికే. గొప్పలు మాత్రం ఏడాదంతా చెప్పుకుంటారు, అది వేరే!

చివరగా తమ్ముడు ఇంకోటి అడిగాడు. "వచ్చే శుక్రవారం నుంచి పెళ్ళికి ఊరెళ్తున్నా, నాలుగు రోజులు. ముందే చేసేయొచ్చా?" చేసెయ్. సోమవారం నుంచి గురువారం లోపు ఆ వారం నాలుగూ అయిపోగొట్టు. కానీ గ్యాప్ రూలు ఉంది కాబట్టి శనివారమో ఆదివారమో పెళ్ళివారింటి నుంచి ఒక పదిహేను నిమిషాలు అలా నడిచి రా. ఆ తర్వాతి సోమవారం నువ్వింకా ఊళ్ళోనే ఉంటావు, కొండ దొరకదు. ఆ ఊళ్ళో గుడి దాకా నడువు. దాన్ని ఆ వారంలో ఒకటి అని రాసుకో. మందులేమైనా మొదలుపెట్టి ఉంటే మాత్రం నడక పెంచే ముందు డాక్టర్‌ని అడుగు.

నిద్ర టైమింగ్ గురించి చాలామంది అడిగారు. అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.