కలియుగ భీముడు



మన తాండూరు బండ యొక్కటి ఱొమ్ముపై మోపినచో ఎట్టివాడైనను ఊపిరాడక తల్లడిల్లును. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు తమ ఱొమ్ముపై ఏనుగునే నిలుపుకొనిరి. ఇనుప గొలుసులను తెంచిరి. ఆయన విజయనగరమున కుస్తీ నేర్చి, బాలురకు వ్యాయామము నేర్పి, పిదప సర్కసు నెలకొల్పిరి. పూర్వము జెట్టిని పోషించినవాడు రాజు. ఈయనను పోషించినది టిక్కెట్టు కొన్న ప్రజ. ఆ కాలముననే, 1910లో, గామా పహిల్వాను లండనులో పోలండు మల్లుడగు జిబిస్కోతో రొక్కపు పందెమునకు తలపడెను. ఇట్లు మల్లవిద్య జీవనోపాధి యయ్యెను.

నాయుడుగారు 1942లో గతించిరి. జనులు ఏనుగును చూచి చప్పట్లు చరచిరి. దాని వెనుక నున్న శాకాహారము, ప్రాణాయామము, నియమము ఎందరు గమనించిరి?

మీ యూర తాలీము మట్టి గట్టిపడియున్నచో త్రవ్వింపుడు, బాలురను దింపుడు. చూచువారే మిగిలిన ఊరికి బలమెక్కడిది?