మురుజుగ శిలలు



బళ్ళారి, అనంతపురము ప్రాంతములవారికి నేను నేడు చెప్పబోవు చోటు సులభముగా కన్నులకు కట్టును. ఎవరో బండ్లతో తెచ్చి కుమ్మరించినట్లు ఒకదానిపై నొకటి పడియున్న రాళ్ళగుట్టలు, వానిపై మండుటెండ, అక్కడక్కడ గడ్డిదుబ్బులు. మన గుట్టలచుట్టు సేద్యపుభూములుండును. ఆ గుట్టలచుట్టు సముద్రమున్నది. అది ఆస్ట్రేలియా పడమటి తీరమున, పెర్తు నగరమునకు ఉత్తరముగా సుమారు 1500 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి ఆదిమవాసులు దానిని మురుజుగ యందురు. పొడుచుకొనివచ్చిన తుంటియెముక యని ఆ మాటకర్థము.

నా కుమారుడు పెర్తులో ఒక గనుల సంస్థయందు లెక్కలు చూచు ఉద్యోగి. నేనతనియొద్ద కొన్ని నెలలుంటిని. "నాయనా, నీకు రాళ్ళన్న ప్రీతి గదా" యని యతడే నన్నచ్చటికి తీసికొనిపోయెను. ఈ సంగతి ముందే చెప్పుచున్నాను. ఏలయన, నేను చెప్పబోవు మాటలు మా యింటి యన్నమునకు కొంత యెదురుగా పోవును.

ఆ గుట్టలలో పదిలక్షలకు మించిన బొమ్మలున్నవి. రంగుతో వ్రాసినవి కావు. ఆ రాళ్ళకు పైన మిక్కిలి పలుచని యెఱ్ఱనల్లని పొర యొకటి వేలయేండ్లకు పట్టును. ఇనుము, మాంగనీసు అందు చేరియుండును. దానిని గట్టిరాతితో మోది తొలగించినచో లోపలి లేతవన్నె బయటపడును. అదియే బొమ్మ. అచ్చటి రాయి అరుగుట మిక్కిలి నెమ్మది గనుక, కొన్ని బొమ్మలు 40,000 ఏండ్లకు పైబడినవై యుండునని పండితుల తలంపు. నేడు సముద్రము గుట్టల పాదములను తాకుచున్నది గాని, హిమయుగమున తీరము నూరు కిలోమీటర్లకు పైగా ఆవల నుండెను. అందువలన పాతబొమ్మలలో కంగారూలు, ఈమూ పక్షులు. నీరు చేరువైన తరువాతివానిలో తాబేళ్ళు, చేపలు. వీపుపై చారలుగల యొక మృగమును ఒక బండపై చూచితిని. దానిపేరు థైలసీన్. టాస్మేనియా దీవిని విడిచినచో, ఆ ఖండమున అది సుమారు 3,000 ఏండ్లక్రిందటనే నశించినది.

మాకు దారిచూపిన ఆదిమవాసి పెద్దమనిషి కొన్ని బండలయొద్ద నిలిచి కథలు చెప్పెను. ఒకచోట మాత్రము చేయి అడ్డముపెట్టి, "అవి మీరు చూడదగినవి కావు" అనెను. ఎందుకని నా మనుమడడిగెను. "అవి చెప్పు ధర్మమును నేర్వవలసినవారు వేరే యున్నారు" అని యాయన సమాధానము. మనము బొమ్మలనుచున్నవి వారికి ధర్మశాస్త్రము, పురాణము, వంశచరిత్ర యని నాకప్పుడు తెలిసినది.

ఆ ధర్మమును కాపాడుచుండిన యాబురార తెగవారిని 1868లో తెల్లవారు వేటాడి చంపిరి. ఒక పోలీసును మరికొందరును హతులైరని పోలీసులు, వలసవారు కలసి చేసిన పని యది. మిగిలిన వారును, చుట్టుపట్ల తెగలును నేడు ఆ గుట్టలను చూచుకొనుచున్నారు. 1960వ దశకమున ఇనుప ఖనిజమును ఓడలకెక్కించు రేవు వెలసెను. 1980వ దశకమున సహజవాయువు కర్మాగారము వచ్చెను. తరువాత అమ్మోనియా కర్మాగారము. అడ్డువచ్చిన రాళ్ళలో కొన్ని పగిలిపోయినవి. వేయికి పైగా రాళ్ళను పెకలించి కంచెలోపల పోగుపెట్టిరి. పగులగొట్టుటకంటె ఇదియే మేలని తోచవచ్చును. కాని మన ఊరి బొడ్రాయిని పెకలించి, తాలూకా కచేరీ ఆవరణలో భద్రముగా నుంచితిమని ఎవరైన చెప్పినచో మనమేమందుము?

ఇప్పటి తగవు పొగను గూర్చినది. వాయువును మండించునప్పుడు నత్రజని ప్రాణవాయువుతో కూడి పొగలో వెలువడి, తేమ తగిలి ఆమ్లమగును. ఆ ఆమ్లము రాతి పైపొరను కరగించునని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పొర పోయినచో గీతకును రాతికిని వన్నెభేదముండదు. రాయి యుండును, బొమ్మ యుండదు. 2025లో ప్రకటించిన పరిశోధనలో రేవుకు సమీపముననున్న కొన్ని రాళ్ళ పైభాగము గుల్లబారినట్లు తేలినది. అది 1970 ప్రాంతపు పొగ ఫలమని ప్రభుత్వము చెప్పెను; నేటి పొగ నిర్దోషియనుటకు ఆధారమేదని ఇతర శాస్త్రజ్ఞులు అడిగిరి.

ఆదిమవాసులందరిదియు ఒకే మాట కాదు. 2003లో వారు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పరిశ్రమలకు కొంత నేల విడిచి, తక్కిన నేలకు హక్కు పొందిరి. 2013లో అది జాతీయవనమైనది. ఒప్పుకొనకున్నచో ప్రభుత్వము నేలను బలవంతముగా తీసికొనునని వారెరుగుదురు. అట్లేర్పడిన సంఘమువారు కంపెనీలతో మాటలాడుచునే రక్షణ కోరుచున్నారు. మరికొందరు న్యాయస్థానమునకు పోయిరి. ఆ సంఘమునకు ఒకప్పుడు అధ్యక్షురాలైన రేలీన్ కూపర్ అను స్త్రీ, సముద్రగర్భమున వాయువును వెదకుటకై ఒక పెద్ద కంపెనీకిచ్చిన అనుమతిని 2023లో ఫెడరల్ కోర్టులో కొట్టివేయించెను. తమను తగినట్లు సంప్రదింపలేదని యామె వాదము.

చట్టమే కాపాడునని వారు నమ్మకుండుటకు కారణమున్నది. 2020 మే నెలలో అదే పిల్బరా సీమలో, జూకన్ కనుమయందు, 46,000 ఏండ్లనాటి మానవనివాసపు గుర్తులుగల కొండగుహలను రియో టింటో కంపెనీ ఇనుముకై ప్రేల్చివేసెను. ప్రభుత్వపు అనుమతి చేతనుండగనే ప్రేల్చెను. క్షమాపణయు, అధికారుల రాజీనామాలును తరువాత వచ్చినవి.

తిరుగుదారిలో నా కుమారుడు, "నాయనా, ఈ వాయువు లేకున్న ఇక్కడ ఇన్ని కొలువులుండవు. మన చేలకు వేయు యూరియాకు కూడ అమ్మోనియాయే గదా మూలము" అనెను. అబద్ధము కాదు. నేను వానికి కుప్పగల్లు సంగతి చెప్పితిని. బళ్ళారి దగ్గరి ఆ కొండపై, నల్లరాతి చాలువెంట, కొత్తరాతియుగమువారు ఎద్దులను, మనుష్యులను చెక్కియున్నారు. అందు కొన్ని రాళ్ళు కొట్టినచో గంటవలె మ్రోగును. చిన్నతనమున అమ్మమ్మగారి ఊరికి పోయినప్పుడెల్ల మేము వానిని మ్రోగించి ఆడుకొంటిమి. తరువాతి కాలమున రాయికై ఆ కొండను కొట్టసాగిరి. మా బంధువులలో లారీలు తోలి బాడుగలు తీసికొన్నవారున్నారు. ఇది వలదని మాలో నెవ్వరును పోయి యడుగలేదు. నేను ఉపాధ్యాయుడను, అర్జీ వ్రాయనెరిగినవాడను, వ్రాయలేదు. నా కుమారుడు మరల మాటలాడలేదు. దూరమున కర్మాగారపు మంట కనబడుచుండెను.

2025 జులైలో యునెస్కో మురుజుగను ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. అంతకు ముందు, పొగ సంగతి చక్కబెట్టినగాని చేర్చవలదని ఆ సంస్థకు సలహానిచ్చు నిపుణులు చెప్పియుండిరి. సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వము వాయుకర్మాగారమును 2070 వరకు నడపుటకు, కొన్ని షరతులతో, అనుమతినిచ్చినది. నా మనుమనికిప్పుడు ఆరేండ్లు. ఆ గడువు తీరునాటికి వాడు ఏబదియేండ్లవాడగును. ఫోనులో మాటలాడినప్పుడెల్ల, "తాతా, ఆ పెద్దాయన చూపనివి ఏమి బొమ్మలు?" అని వాడు నన్నింకను అడుగుచున్నాడు.