పేరుతో పాటు పని కూడా

 

చిన్న బృందాలు ఎలా నడుస్తాయి, వాటితో పని ఎలా చేయాలి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మన ఊళ్లలో యువజన సంఘాలకు కొదవ లేదు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఒకటి పుడుతుంది, కొమురం భీం వర్ధంతికి ఇంకొకటి. బ్యానర్ కడతాం, టీషర్టులు కుట్టిస్తాం, వాట్సాప్ గ్రూపులో వందమందిని చేరుస్తాం. మూడు నెలలకు ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరూ "ఊళ్లో ఎవరికీ పట్టదు" అని నిష్ఠూరపడతారు. మిగతావాళ్లు "మమ్మల్ని అడిగిందెవరు" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

దీపావళి ముందు దండారి దళం మరో ఊరికి బయల్దేరేటప్పుడు ఒకసారి గమనించండి. అందరి కళ్లూ నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ మీదే ఉంటాయి. సెల్‌ఫోన్లు కూడా అటే తిరుగుతాయి. కానీ డోలు ఆగిందంటే గుస్సాడీ అడుగు పడదు. పెప్రె ఊదేవారు, గుమేల వాయించేవారు, కోలలు పట్టి ఆడేవారు, సామాను చూసుకునేవారు, ఆతిథ్యమిచ్చే ఊరి పెద్దలతో ముందుగా మాట్లాడేవారు, వీళ్లలో ఏ ఒక్కరు రాకపోయినా ఆ లోటు అప్పటికప్పుడే తెలిసిపోతుంది. రానివాళ్ల ఇంటికి కబురు వెళ్తుంది. మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీ కళకు పద్మశ్రీ వచ్చింది. ఆయన తనకు వచ్చింది కుర్రాళ్లకు నేర్పుకుంటూ పోయారు. 2024లో ఆయన కన్నుమూసినా ఆట ఆగకపోవడానికి అదొక కారణం.

మన సంఘంలో రానివాళ్ల ఇంటికి కబురెందుకు వెళ్లదు? వాళ్లు రాకపోతే ఆగిపోయే పని ఏదీ వాళ్ల చేతిలో లేదు కాబట్టి.

దీన్ని లెక్కగట్టి చూసినవాళ్లున్నారు. మాక్స్ రింగెల్‌మన్ అని ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరు. మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచి, ఫలితాలను 1913లో అచ్చు వేశాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గుతూ వచ్చింది. కొంత తగ్గుదల అందరూ ఒక్క ఊపున లాగలేకపోవడం వల్ల. కొంత "ఇంతమంది ఉన్నారు కదా" అన్న ధీమా వల్ల. ఎవరు ఎంత చేశారో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు ఈ రెండో తగ్గుదల దాదాపు పోతుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. సోమరిపోతులని తిట్టే ముందు మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

అందుకని వందమంది గ్రూపుతో పని మొదలుపెట్టకండి. అటవీ హక్కుల చట్టం నియమాలే చూడండి. అటవీ హక్కుల కమిటీలో 10 మందికి తగ్గకుండా, 15 మందికి మించకుండా ఉండాలి. కనీసం మూడింట రెండొంతులు గిరిజనులు, మూడింట ఒక వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. దరఖాస్తులు తీసుకోవడం, రసీదులివ్వడం, పొలం మీదికి వెళ్లి హద్దులు చూడటం, పటం తయారు చేయడం ఆ కమిటీ పని. పేరు రాయించుకుని, హద్దులు చూసే రోజు రాకుండా పోతే నష్టపోయేది పోడు చేసుకునే ముసలమ్మ. ఆమెకు ఇంకో దారి లేదు. మీలో చదువుకున్నవాళ్లు ఆ కమిటీకి కాగితం పనిలో సాయపడండి. ఆ పని కూడా ఫలానావాళ్లదని పేరు పెట్టి ఒప్పుకోండి.

ఇక తగాదాలు. బృందాలు పెరిగే తీరును అమెరికాలో బ్రూస్ టక్‌మన్ 1965లో నాలుగు దశలుగా చెప్పాడు. మన మాటల్లో కలవడం, కలహం, కట్టుబాటు, పని. మన సంఘాలు రెండో దశలోనే పగులుతాయి. మైకు ఎవరు పట్టాలి, డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, కరపత్రంలో ఎవరి పేరు ముందుండాలి (ఈ చివరిదానికి పగిలినన్ని సంఘాలు దేనికీ పగల్లేదు). కలహం వచ్చిందంటే సంఘం చెడిపోయిందని కాదు, జనం మొహమాటం వదిలారని. దాన్ని వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి. ఎదురెదురుగా కూర్చోండి. పని గురించి మాట్లాడండి, ఇంటిపేరు, గోత్రం తేకండి. తెగకపోతే పటేల్ దగ్గరికో, రాయి సెంటర్‌కో వెళ్లండి. కూర్చోబెట్టి మాట్లాడించడంలో మన పెద్దలకున్న ఓపిక మనకు ఇంకా రాలేదు.

కలహం కంటే మాకు ఎక్కువ భయం వేసేది మౌనం. మీటింగులో అందరూ తలూపుతారు, బయటికొచ్చాక చెట్టు కింద అసలు మీటింగు జరుగుతుంది. పెద్దన్న ముందే తన మాట చెప్పేస్తే తర్వాత చిన్నవాళ్లు కాదనలేరు. కాబట్టి వరస తిప్పండి. అందరికంటే చిన్నవాళ్లు ముందు, అధ్యక్షుడు ఆఖర్న మాట్లాడాలి. ఆడపిల్లలను వెనక వరసలో కూర్చోబెట్టి "మీరేమంటారమ్మా" అని అడిగితే నవ్వుతారు తప్ప చెప్పరు. గుండ్రంగా కూర్చుంటే ఈ చిక్కు సగం తీరుతుంది. మాట్లాడని కొలాం తమ్ముడికి అభిప్రాయం లేదనుకోకండి. మీటింగు గోండిలోనో తెలుగులోనో నడిస్తే, అతని మాట కొలామీలో ఉంటుంది. పక్కనున్న ఒకరు అటూ ఇటూ చెప్పి పెడితే చాలు.

లెక్కల సంగతికి మేము కొత్తగా చెప్పేది లేదు, మీ ఇంట్లో అమ్మనడగండి. పొదుపు సంఘాల పంచసూత్రాలు ఆమెకు వచ్చు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. చదువు రాని తల్లులు కూడా నడిపిన సంఘాలవి. డిగ్రీ చదివినవాళ్లం పండగ చందాల లెక్క కాగితం మీద పెట్టలేకపోతున్నామంటే ఏం చెప్పాలి? మీటింగు అయ్యేముందు ఎవరు ఏ పని, ఏ తేదీకి అన్నది రాసి పైకి చదవండి. తర్వాతి మీటింగు ఆ కాగితంతోనే మొదలుపెట్టండి. పని జరగకపోతే ముందు "ఏం అడ్డం వచ్చింది" అని అడగండి.

భోజనాలయ్యాక ఊళ్ల వారీగా ఏడెనిమిది మంది చొప్పున కూర్చుందాం. ఒక్కో ఊరు ఒక్క పనే ఎంచుకోవాలి. పెప్రె నేర్చుకునే పిల్లల్ని వెతకడం కావచ్చు, పోడు దరఖాస్తుల కాగితాలు సరిచూడటం కావచ్చు. ఆ పనిలో ఎవరి వంతు ఏమిటో పేర్లతో రాసి, పొద్దుగూకే లోపు వేదిక దగ్గర ఇవ్వండి. పేరు ఉండి పని లేని కాగితం తీసుకోం.